ఇటాలియన్‌లో 'మి', తెలుగులో 'కొను'

"చేతులు కడుక్కుంటాను" అనడానికి నేను మొదట్లో "లావో లె మియె మాని" అనేవాణ్ణి. ఇంగ్లిష్ వాక్యాన్ని మక్కీకి మక్కీ దించేశానన్నమాట. మా టీచర్ ప్రతిసారీ ఆపి "మి లావో లె మాని" అని సరిచేసేవారు. మరి 'నా' అనే మాట ఎటుపోయింది?

తెలుగులో ఆలోచించాక గానీ బుర్రకెక్కలేదు. కారు కడుగుతాను: "లావో లా మాక్కినా". చేతులు కడుక్కుంటాను: "మి లావో లె మాని". మనమూ 'నా చేతులు' అనం కదా! కడగడానికీ కడుక్కోవడానికీ ఉన్న తేడాయే ఈ 'మి'. కాకపోతే మన 'కొను' అందరికీ ఒకటే, వాళ్ళది మనిషిని బట్టి మారుతుంది. నేనైతే మి, నువ్వైతే తి, అతనైనా ఆమైనా సి, మేం-మనం రెండూ చి, మీరు వి, వాళ్ళు మళ్ళీ సి. అన్నిచోట్లా ఈ పోలిక కుదరదు. "మి ఆల్ట్సో" అంటే లేస్తాను, అక్కడ మనకి 'కొను' లేదు.

జరిగిపోయినదానికి 'అవేరె' కాదు, 'ఎస్సెరె' వాడాలి. నేనైతే "మి సోనో లవాతో", అదే మా చెల్లైతే "మి సోనో లవాతా".

ఇక నా, నీ, అతని. "సూవా మాద్రె" అంటే అతని తల్లి కావచ్చు, ఆమె తల్లీ కావచ్చు. మాద్రె స్త్రీలింగం కాబట్టి సూవా, అంతే. ఎవరి తల్లి అన్నది దానికి పట్టదు. ఇక్కడ తెలుగు సాయం రాదు. పుస్తకానికి ఆర్టికల్ కావాలి: "ఇల్ మియో లీబ్రో". అమ్మకి అక్కర్లేదు: "మియా మాద్రె". అక్కలు ఇద్దరైతే మళ్ళీ వచ్చేస్తుంది: "లె మియె సొరెల్లె". ఎందుకని అడక్కండి, నేనూ బట్టీయే పట్టాను.