కుడివైపు చూస్తే అబద్ధమేనా?

అపోహ: మాట్లాడుతూ కళ్లు కుడివైపు పైకి తిప్పితే అబద్ధం, ఎడమవైపు తిప్పితే నిజం.

వాస్తవం: ఈ లెక్క 1970లలో అమెరికాలో పుట్టింది. ‘న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్’ అనే వ్యక్తిత్వ వికాస పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన రిచర్డ్ బ్యాండ్లర్, జాన్ గ్రైండర్ చెప్పింది ఇదీ: కుడిచేతి వాటం వాళ్లు ఏదైనా ఊహించుకుంటే కళ్లు తమ కుడివైపు పైకి, చూసినదాన్ని గుర్తుచేసుకుంటే ఎడమవైపు పైకి పోతాయి. ఊహ అంటే అబద్ధమేనని దానికి ముడిపెట్టిన వాళ్లు తర్వాత బయల్దేరారు. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఈ మాట ఇంకా వినపడుతూనే ఉంది.

బ్రిటన్‌లో రిచర్డ్ వైజ్‌మన్, క్యారొలిన్ వాట్ బృందం దీన్ని పరీక్షకు పెట్టి 2012లో ఫలితాలు ప్రచురించింది. నిజం చెప్పినవాళ్ల కళ్లకూ అబద్ధమాడినవాళ్ల కళ్లకూ తేడా కనపడలేదు. సూత్రం ముందే నేర్పి వీడియోలు చూపించినా, నేర్చుకున్నవాళ్లు నేర్చుకోనివాళ్లకంటే మెరుగ్గా అబద్ధాన్ని పట్టలేకపోయారు. చివరికి, తప్పిపోయిన తమవాళ్ల కోసం విలేకరుల ముందు మొరపెట్టుకున్నవారి టేపులు పరిశీలించారు. వాళ్లలో కొందరిది నిజమైన దుఃఖం, కొందరిది నటన. చూపు ఏ దిక్కుకు పోయిందన్నది అక్కడా ఏమీ తేల్చలేదు. ఇంత పస లేని సూత్రంతో ఇంటర్వ్యూలోనో విచారణలోనో ఒక మనిషిని అబద్ధాలకోరుగా తేల్చడం అన్యాయం.

అపోహ: అయితే ఆలోచనకూ కంటి కదలికకూ సంబంధమే లేదు.

వాస్తవం: ఉంది, గట్టిగా ఉంది. సోవియట్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ యార్బస్ ఇల్యా రేపిన్ గీసిన ఒకే చిత్రాన్ని వేర్వేరు ప్రశ్నలతో చూపించి చూపు నడిచిన దారిని నమోదు చేశాడు. చిత్రంలోని వాళ్ల వయసెంత అని అడిగితే చూపు ముఖాల మీద ఆగింది. ఉన్నవాళ్లా లేనివాళ్లా అని అడిగితే దుస్తుల మీదికీ ఇంట్లో సామాను మీదికీ మళ్లింది.

అపోహ: జవాబు చెప్పేటప్పుడు దిక్కులు చూసే పిల్లలకు పాఠం రాదు.

వాస్తవం: “పైకి చూస్తావేం, అక్కడ రాసుందా?” అని గదమాయించే టీచర్లు ఇది తెలుసుకోవాలి. ఎదుటివాళ్ల ముఖం చూస్తూ ఉండడం మెదడుకు పెద్ద పనే. చూపు తిప్పుకుంటే ఆ బరువు తగ్గి ఆలోచనకు చోటు దొరుకుతుంది. స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీలో గ్వినెత్ డోహర్టీ-స్నెడన్ బృందం పరిశీలిస్తే, ప్రశ్న కష్టమయ్యేకొద్దీ పిల్లలు చూపు ఎక్కువగా తిప్పుకున్నారు. ఆలోచించేటప్పుడు పక్కకు చూడమని ఐదేళ్ల పిల్లలకు నేర్పితే సరైన జవాబులు పెరిగాయి కూడా. కాబట్టి ప్రశ్న వేశాక పిల్లవాడు ఫ్యాన్ వైపు చూస్తుంటే “ఇటు చూడు” అని ఆపకండి, రెండో ప్రశ్న వెయ్యకండి. వాడి కళ్లు మీ వైపు తిరిగేదాకా ఆగండి.