మీకు తెలుసా? నంది కొండ నుంచి సముద్రం దాకా

మన చిక్కబళ్ళాపురం జిల్లాకు సముద్రం లేదు. చెరువు నిండి మరవ పారితే ఊరంతా కట్ట మీదికి చూడ్డానికి వచ్చే సీమ మనది. అయినా సెలవులొస్తే అలెప్పీకో గోవాకో పోయి పడవ ఎక్కుతాం. రాత్రి బస ఉండే పడవలో మరుగుదొడ్డి ఉంటుంది. అందులోది ఎక్కడికి పోతుందో అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

● సముద్రం మనకు దూరమే కానీ, మన నీళ్ళకు దారి తెలుసు. నంది కొండల సీమలో పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు, విదురాశ్వత్థం మీదుగా ఆంధ్రలోకి దిగి పెన్న అవుతుంది. 597 కిలోమీటర్లు పోయి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. బాగేపల్లి పక్కన పారే చిత్రావతి, ఇటువైపే పుట్టిన పాపఘ్ని కడప జిల్లాలో ఆ పెన్నలోనే చేరతాయి. చాలా ఏళ్ళు ఇవన్నీ ఇసుక దారులే. 2021 నవంబరులో లాగా గట్టి వాన పడిందంటే, ఇక్కడి కాలువల్లో పేరుకున్న మురుగంతా కిందికి కొట్టుకుపోతుంది.

● పడవ మురుగు ఊరి మురుగు కంటే చిక్కన. ఇంట్లో బకెట్ల కొద్దీ నీళ్ళు పోస్తాం. పడవలో నీళ్ళు పొదుపుగా వాడతారు. పైగా పడవలు ఆగేది అలలు తక్కువగా ఉండే మూలల్లో. అక్కడ నీళ్ళు త్వరగా మారవు కాబట్టి వదిలింది వదిలినచోటే తిరుగుతుంటుంది. పక్కనే పిల్లలు ఈదుతుంటారు.

● ఆల్చిప్ప నీటిని వడకట్టుకుని బతికే జీవి. ఒక్కటి రోజుకు వంద లీటర్లకు పైగా వడకట్టగలదు. నీటిలో మురుగు క్రిములుంటే అవి దాని ఒంట్లో పోగుపడతాయి. దాన్ని పచ్చిగా తిన్నవాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే మురుగు చేరిన తీరాల్లో ఆల్చిప్పల వేటనే ఆపేస్తారు; నష్టం మత్స్యకారుడి మీద పడుతుంది.

● పెద్ద ఓడలకు మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. మురుగు సంగతి చెప్పే దాని నాలుగో అనుబంధం 2003 సెప్టెంబరు 27న అమలులోకి వచ్చింది. శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, దాటాకే వదలాలి. అదీ నిలబడి కాదు, ఓడ నడుస్తూ ఉండగా కొద్దికొద్దిగా. విహారానికి వాడే చిన్న పడవల్లో ఎక్కువభాగం ఈ నియమం కిందికి రావు. వాటికి ఆయా దేశాల చట్టాలే దిక్కు. మన నదులు, బ్యాక్‌వాటర్లలో తిరిగే పడవలకు 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్తది వచ్చింది. కాలుష్యం ఆపడానికి అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది.

● అమెరికాలో 1992లో ఒక చట్టం చేసి, రేవుల్లో పడవల మురుగును పంపుతో లాగే కేంద్రాలకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చారు. అక్కడున్న మన పిల్లలు పడవ అద్దెకు తీసుకుంటే రెండు చూసుకోవాలి. మురుగు ట్యాంకు నుంచి బయటికి పోయే వాల్వు మూసి తాళం వేసి ఉందా? దగ్గరలో పంపు ఎక్కడుంది? ట్యాంకులో వాసనకు పోసే మందు కూడా చూసి కొనాలి. ఫార్మాల్డిహైడ్ ఉన్నవి మురుగును కుళ్ళబెట్టి శుభ్రం చేసే మంచి క్రిములనూ చంపుతాయి.

● మురుగును దారిలో పెట్టిన మహానుభావుడు మన పక్కూరివాడే. ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. అరేబియా తీరంలోని ఏడెన్ రేవు పట్టణానికి మంచినీళ్ళు, మురుగు కాలువల పథకం కోసం 1906లో ఆయన్ను పంపారు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు వరద రక్షణతో పాటు డ్రైనేజీ పథకమూ వేసిచ్చింది ఆయనే. ఆయన్ను ఆనకట్టల ఇంజనీరుగానే తలుచుకోవడం నాకు తక్కువగా అనిపిస్తుంది. ఒక ఊరు తన మురుగును ఏం చేయాలో ఆలోచించడం ఆనకట్ట కట్టడం కంటే చిన్న పని కాదు.

● బెంగళూరు మురుగును శుద్ధి చేసి హెబ్బాళ–నాగవార పథకం కింద మన చెరువులకు, కోరమంగళ–చల్లఘట్ట పథకం కింద కోలారు చెరువులకు పంపుతున్నారు. తాగడానికి కాదు, బోర్లలో నీళ్ళు ఊరడానికి. 2018 జులైలో కోలారు లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది. హైకోర్టు కొన్నాళ్ళు నీళ్ళు ఆపించింది. ఎవరో వదిలిన మురుగు మన గడప దాకా వస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. మనం పడవలోంచి వదిలేది మరొకరి గడపకే పోతుంది.

ఈసారి అలెప్పీలో హౌస్‌బోట్ మాట్లాడుకునేటప్పుడు ధర, భోజనంతో పాటు ఇంకొకటి అడగండి: "అన్నా, ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారు?" సరైన జవాబు రాకపోతే ఆ పడవ ఎక్కకండి.