వార్తల్లో పదం: స్టోరేజ్ డ్రైవర్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో విండోస్ 11 ఎక్కించుకునే పని కర్నూలు, కడప విద్యార్థులకూ పడింది. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కిస్తుంటే కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ పని మధ్యలోనే ఆగుతుంది: డ్రైవ్‌లేవీ దొరకలేదంటుంది తెర. ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని కొత్తది కొనకండి. చాలాసార్లు డిస్కు నిక్షేపంగా ఉంటుంది.

డిస్కును నడిపే కంట్రోలర్‌తో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కలిపే ప్రోగ్రామే స్టోరేజ్ డ్రైవర్. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు ‘వీఎండీ’ అనే కంట్రోలర్ కింద ఉంటోంది. దాని డ్రైవర్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే విండోస్‌కు డిస్కు కనబడదు. ఎక్స్‌పీ రోజుల్లోనూ ఇదే తంటా. అప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టేవారు.

వీఎండీ కోసం, ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్‌కు ఇచ్చిన ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను దించుకోండి. జిప్ విప్పి, ‘ఐఎన్‌ఎఫ్’ ఫైలున్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టలేషన్ తెరలో ‘లోడ్ డ్రైవర్’ నొక్కి ఆ ఫోల్డర్‌ను చూపించండి. బయోస్‌లో వీఎండీని ఆపేయడం దగ్గరిదారే, కానీ అప్పటికే ఉన్న విండోస్ తెరుచుకోకపోవచ్చు. డిస్కు కనబడగానే పార్టిషన్లు చెరిపేయకండి. ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోండి.