బరువు కట్టిన యీగలు



కుట్టుపని, అల్లికపని, పూసలపని మనకు క్రొత్తవి కావు. వీనికి చెల్లెలివంటి పని యొకటి కలదు. దానిని “ఈగలు కట్టుట” యందురు. గాలపు కొక్కెముమీద దారము, ఈక, సన్నని తీగ చుట్టి నీటిపురుగును బోలిన బొమ్మను జేయుటయే యీ పని. ట్రౌటు అను చల్లనినీటి చేపకు ఈ బొమ్మయే ఎర.

గాలపువేట మన దక్కనుకు ప్రాచీనమైన వినోదమే. పండ్రెండవ శతాబ్దమున కల్యాణినేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మత్స్యవినోదమునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. ఆ కల్యాణియే 1956కు పూర్వము హైదరాబాదు రాజ్యములో నుండిన బసవకల్యాణము. కాని ట్రౌటు మన చెరువులలో బ్రతుకదు. దానికి మన నీరు మిక్కిలి వెచ్చన. పరదేశమునుండి దెచ్చిన గ్రుడ్లతో 1900 సంవత్సరమున కాశ్మీరమునందును, 1907 ప్రాంతమున నీలగిరులయందును దానిని పెంచిరి. హిమాచల ప్రదేశపు నదులలోను నేడది కలదు. మావారియొద్ద చదువుకొని యిప్పుడు హైటెక్ సిటీలో కొలువుచేయు అబ్బాయి యొకడు సెలవులకు తీర్థను నదికి బోవుచుండును. మా నిజాంపేట యింట నేనీ పని చేపట్టినది అతని కొరకే.

ఈ విద్యలో స్త్రీల పేర్లు వన్నెకెక్కినవి. అమెరికాలో ఒకే యీగకు ఊరికొక పేరుండెడిది. ఒకరు కోరినది యొకటి, వారికి చేరినది మరియొకటి. మేరీ ఆర్విస్ మార్బరీ యను నామె, తన తండ్రి దుకాణమున ఈగలు కట్టు స్త్రీలకు పెద్దయై, దేశమంతట నున్న వేటకాండ్రకు ఉత్తరములు వ్రాసి, వివరములు సేకరించి, 1892లో రంగుబొమ్మలతో గ్రంథము ప్రకటించెను. స్కాట్లండులో మెగన్ బాయిడ్ తాను గాలము వేయకయే జీవితమంతయు ఈగలు కట్టి, 1971లో రాజపురస్కార మందెను.

ట్రౌటు ఆహారములో అధికభాగము నీటి లోపలనే దొరకును. తేలిక యీగను ప్రవాహము పైపైననే కొట్టుకొనిపోవును. మిక్కిలి బరువైనది రాళ్లలో చిక్కి తెగిపోవును. కావున లోతునకును వడికిని తగిన బరువు కట్టవలయును.

కట్టు విధము వినుడు. కొక్కెముల సంఖ్య సూదుల సంఖ్యవంటిదే: అంకె పెరిగినకొలది పరిమాణము తగ్గును. పదునాలుగవ సంఖ్య కొక్కెమునకు సుమారు 2.8 మిల్లీమీటర్ల పూస చాలును. పూసకు ఒకవైపు రంధ్రము చిన్నది, రెండవవైపు పెద్దది. చిన్న రంధ్రము ముందుగా మొననుండి యెక్కించి కొక్కెపు కంటివరకు జరుపవలెను. తరువాత కొక్కెమును చిన్న పట్టకారులో బిగించి, పూసవెనుక దారము చుట్టి, తోకకు నాలుగైదు ఈకపోగులు కట్టుడు. అదే యీకతో ఒడలు చుట్టి, దానిపై రాగితీగను ఎదురుదిశలో ఎడముగా చుట్టినచో పోగులు తెగవు. మెడవద్ద నెమలియీక పోగు రెండు చుట్లు చాలును. నెమలిని చంపుట 1972 నాటి చట్టము ననుసరించి నేరము. తనంత రాలిన ఈకయే వాడదగినది. చివర ముడివేసి, వార్నీషు చుక్క యుంచి ఆరబెట్టుడు.

ఇక అసలు చిక్కు. ఇత్తడి నీటికంటె సుమారు ఎనిమిదిన్నర రెట్లు, సీసము పదకొండు రెట్లకు పైగా, టంగ్‌స్టన్ పందొమ్మిది రెట్లు బరువు. కాని రంగువేసిన పూసలో ఏ లోహమున్నదో కన్ను చెప్పలేదు. ఒడలిలోపల చుట్టిన తీగ అసలే కనబడదు. మంచునీట నిలిచి వ్రేళ్లు కొంకర్లుపోవువాడు దానిని తూచి చూడగలడా? కావున గురుతు కట్టునప్పుడే పెట్టవలయును. పూస లేనిదానికి నల్లదారము, ఇత్తడికి పసుపు, టంగ్‌స్టన్‌కు ఎరుపు మెడవద్ద చుట్టుట నా పద్ధతి. తరువాత చేయుదమన్న గురుతు ఎన్నటికిని పడదు.

పెట్టె సర్దుటకు మన పోపులపెట్టెయే గురువు. పేరునుబట్టి కాక బరువునుబట్టి అరలు చేయుడు. ఒక్కొక్క అరలో పెద్దకొక్కెమునుండి చిన్నదానివరకు వరుస పెట్టుడు. మూతలోపల రంగుల వివరము వ్రాసి అంటించుడు. తడిసిన యీగను వెంటనే పెట్టెలో మూయరాదు. ఒక్కదాని తుప్పు వరుసనంతయు చెరచును. నదినుండి వచ్చిన పెట్టెను రాత్రి మూత తెరచి, పిల్లల కందని చోట ఆరనిండు.

సీసమును మాత్రము ఇంటికి రానీయకుడు. అది చేతికంటి నోటికి చేరినచో పసిపిల్లల మెదడునకు హాని. హంసలు సీసపుగుండ్లు మ్రింగి చచ్చుచుండుటచే ఇంగ్లండులో 1987లో అనేక పరిమాణముల సీసపు గాలపుబరువుల విక్రయమును నిషేధించిరి. టంగ్‌స్టన్‌కు వెల హెచ్చు. కాని పూస చిన్నదైనను బరువు చాలును. ఇత్తడి చవుక, నెమ్మదైన నీటికి అదియే తగును. చిన్నపిల్లలున్న యింట పూసలను, కొక్కెములను లెక్కపెట్టి తీయుడు, లెక్కపెట్టి దాచుడు. పని ముగిసినపిదప బల్లక్రింద అయస్కాంతము త్రిప్పినచో జారిపడిన ఉక్కుకొక్కెము దానికంటుకొనును; పసివాని అరికాలు గాయపడదు.