కళాశాలలో వాక్స్వాతంత్ర్యము – వినువారి హక్కు

అత్తిమంజేరిపేట, పళ్ళిపట్టు, పొదటూరుపేట మున్నగు గ్రామముల తెలుగు బిడ్డలు ఉన్నతవిద్యకై తిరుత్తణికిని, చెన్నపట్టణమునకును, తిరుపతికిని పోవుచుందురు. అచ్చట వారికి పాఠ్యగ్రంథములతో పాటు రాజకీయవక్తలును ఎదురగుదురు. పలువురు మెచ్చని వక్తను కళాశాలలోనికి రానీయవచ్చునా? వచ్చినచో విద్యార్థి వినవచ్చునా? విన్నవానిని దండింపవచ్చునా? ఈ ప్రశ్నలు నేడు పుట్టినవి కావు. నూరేండ్లకు పూర్వమే రాజమహేంద్రవరమున ఇవి తలయెత్తినవి.

1905లో వంగదేశము విభజింపబడిన పిదప వందేమాతరోద్యమము దేశమంతట వ్యాపించెను. 1907 ఏప్రిలు మాసమున బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరమునకు వచ్చి కొన్ని దినములు ఉపన్యసించిరి. వారు ఆంగ్లమున పలికినదానిని చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అప్పటికప్పుడు తెనిగించి జనులకు వినిపించిరి. ఆ మాటలచే ఉత్తేజితులైన విద్యార్థులు వందేమాతర పతకములు ధరించి తరగతులకు పోయిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దానిని నిషేధించెను. ఆజ్ఞ పాటింపనివారు దండనకు గురియైరి. ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. ఎం.ఏ. పట్టభద్రులైన వారికి ప్రభుత్వోద్యోగమునకు పోవు మార్గము మూయబడెను.

హంటరు పక్షమున చెప్పదగినది కొంత లేకపోలేదు. కళాశాల ప్రభుత్వము వారిది. అందలి క్రమశిక్షణకు ఆయన బాధ్యుడు. చదువుకొను చోట రాజకీయములేల యని నాడు తలచినవారు పెక్కురు. విద్యార్థులు రాజకీయసభలలో పాల్గొనకుండ కట్టడి చేయు రిస్లే ఉత్తరువును భారతప్రభుత్వము 1907లోనే వెలువరించెను. కాని తరగతి సాగకుండ అడ్డుపడుట వేరు, ఒక అభిప్రాయమును కలిగియుండుట వేరు. రొమ్మున పతకము ధరించినంత మాత్రమున పాఠము ఆగదు. ఆనాటి దండన తగిలినది అల్లరికి కాదు, అభిప్రాయమునకు.

దాని ఫలితమును చరిత్ర చెప్పుచున్నది. హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడ నుండి ‘స్వరాజ్య’ పత్రికను నడపిరి. తిరునెల్వేలి కల్లోలముపై అందు వెలువడిన వ్యాసమునకై రాజద్రోహనేరమున మూడేండ్ల కఠినశిక్ష పొంది వేలూరు చెరసాలలో ఉండిరి. నాడు వేలూరును ఈ తిరుత్తణి ప్రాంతమును ఉత్తరార్కాడు జిల్లాలోనివే. విడుదలైన పిదప వారు గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును తమ జీవితమును ధారపోసిరి. శిక్షణ కళాశాల కాదన్న ఉపాధ్యాయుడు తుదకు ప్రజలకే ఉపాధ్యాయుడయ్యెను. నష్టపడినది కళాశాలయే.

ఇందుకు భిన్నమైన మార్గమును చూపినవారు తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు. 1931 నుండి 1936 వరకు వారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. తరువాతి కాలమున పార్లమెంటునందు కమ్యూనిస్టు వక్తగా పేరొందిన హీరేన్ ముఖర్జీ, వారి కాలముననే అచ్చట అధ్యాపకుడుగా పనిచేసెను. రాధాకృష్ణగారు సామ్యవాది కారు. తమతో ఏకీభవింపని వారికిని విద్యాలయమున చోటుండవలెనని వారి మతము. 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు వారే అధ్యక్షులు. వివాదాస్పద విషయములపై తక్కిన పౌరులవలెనే అధ్యాపకులును స్వేచ్ఛగా మాటాడదగుదురని ఆ సంఘపు నివేదిక పేర్కొనినది.

వివాదాస్పదుడైన వక్త యెవడో నిర్ణయించుట యెంత కష్టమో ఈ సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప తిరుత్తణి తమిళనాటికి చెందవలెనని మ.పొ. శివజ్ఞానముగారు ఉద్యమించిరి. ఆంధ్రలోనే నిలువవలెనని తెలుగువారు వాదించిరి. పటాస్కరు మధ్యవర్తిత్వము జరిగినది. 1959 నాటి సరిహద్దుల చట్టము ననుసరించి 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రములో చేరెను. ఒక వీధిలో దేశభక్తుడనిపించుకొన్నవాడు మరొక వీధిలో కలహకారకుడనిపించుకొనెను. వక్తను నిషేధించు అధికారము నాడు ఏ పక్షము చేతనున్నను, రెండవ పక్షమునకు నోరుండెడిది కాదు.

నేటి ధర్మమేమి? రాజ్యాంగపు 19వ అధికరణము పౌరులకు వాక్స్వాతంత్ర్యము నొసగినది. దేశభద్రత, శాంతిభద్రతలు, పరువునష్టము, నేరమునకు ప్రేరణ మున్నగు కారణములపై సమంజసమైన పరిమితులను విధించుటకు మాత్రమే ప్రభుత్వమునకు వీలు కల్పించినది. చర్చయు ప్రచారమును ఎంత అప్రియములైనను రక్షణార్హములే యనియు, ప్రేరేపణదశకు చేరినప్పుడే నిరోధింప వీలగుననియు 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు విశదీకరించెను. అదే సంవత్సరము మే మాసమున చెన్నపట్టణములోని ఐ.ఐ.టి.లో అంబేద్కర్–పెరియార్ అధ్యయనసంఘమునకు గుర్తింపు తొలగింపబడినది. తమకొసగిన వెసులుబాటును సభ్యులు దుర్వినియోగము చేసిరని సంస్థ తెలిపెను. పెరు తెలుపని ఫిర్యాదే ఈ చర్యకు మూలమని పలువురు నిరసించిరి. జూను మాసమున గుర్తింపు మరల లభించెను.

తల్లిదండ్రుల భయమును తేలికగా త్రోసివేయరాదు. మగ్గముపై బ్రతుకు కుటుంబమున మొదటిసారిగా కళాశాల మెట్టెక్కిన బిడ్డ, ఒక సభకు పోయిన కారణమున చదువును ఉద్యోగమును పోగొట్టుకొనునేమో యని వారు వెరతురు. 1907 నాటి గాథ ఆ వెరపునకు సాక్ష్యమే. కావుననే నియమములు ముందుగా వ్రాసి, అందరకు ఒకే తీరున వర్తింపజేయవలెను. సభాస్థలము, సమయము, రక్షణ అనువానిని కళాశాల నిర్ణయింపవచ్చును. హింసకు పురికొల్పువానిని వారింపవచ్చును. వక్త యే పక్షమువాడని మాత్రము అడుగరాదు. విద్యార్థులకును ఒక కర్తవ్యము కలదు. నచ్చని వక్తను ప్రశ్నింపవచ్చును, ఖండింపవచ్చును, సభను విడిచి పోవచ్చును. కేకలతో అతని నోరు మూయింపరాదు. అట్లు చేసినవాడు తోడి విద్యార్థి వినుహక్కును హరించినవాడగును.

వినుట యనగా అంగీకరించుట కాదు. ఈ భేదమును బిడ్డలకు చిన్ననాటనే బడిలో నేర్పవలెను. సంఖ్యాబలము కలవారికి చట్టము తోడ్పడకున్నను గొంతు వినబడును. అల్పసంఖ్యాకులకు మాటయే బలము. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము వచ్చిన పిదప, పదవతరగతి పరీక్షలో తమ బిడ్డలు మాతృభాషను వ్రాయుటకై తమిళనాటి అల్పసంఖ్యాకభాషల వారు న్యాయస్థానముల నాశ్రయించి వాదించిరి. ఆ వాదము పలువురకు రుచింపలేదు. ఐనను దానిని వినువారుండిరి. తమ మాట ఇతరులు వినవలెనని కోరు జాతి, ఇతరుల మాట వినుటకు తన బిడ్డలను సిద్ధపరుపవలెను. రాజమహేంద్రవరపు కళాశాల 1907లో నేర్వని పాఠమిది. అత్తిమంజేరిపేట బిడ్డలు నేడు నేర్వవలసిన పాఠము.