డీజే మోగితే చెవులు మూసుకోవాలా? చిందెయ్యాలా?

"అమ్మో, డీజేనా! గుండెలు అదిరిపోతాయండీ!" అనేవాళ్లు మనలో సగం మంది. "డీజే లేకుండా పెళ్లేమిటమ్మా?" అనే పిల్లలు ఇంటికి ఇద్దరు. ఈ ఇద్దరి మధ్యా నలిగిపోయేదెవరు? ఇంకెవరు, ఇల్లాలే! బరాత్‌కు డీజే మాట్లాడాలి. మేడమీద మామగారికి నిద్ర పట్టాలి. చంటిపిల్ల ఉలిక్కిపడకూడదు. పక్కింటివాళ్లతో మాట రాకూడదు. ఇన్నిటి మధ్య మీరు కూడా కాసేపు నిలబడి ఆ పాట వినాలని, సరదాగా రెండు అడుగులు వెయ్యాలని ఎవరికైనా తోస్తుందా? మీకే తోచదు!

అందుకే ఈ వారం హైదరాబాద్ పాతబస్తీ వీధుల్లో మోగే డీజే గురించి చెప్పుకుందాం. అసలదేమిటి, ఎలా వినాలి, ఎంతసేపు వినాలి, మనింట్లో శుభకార్యానికి పిలిస్తే ఏమేం మాట్లాడుకోవాలి... అన్నీ చూద్దాం.

మర్ఫా మోగిన వీధులు

పాతబస్తీకి దరువు కొత్త కాదు. నిజాముల కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు, ఆఫ్రికా నుంచి సిద్దీలు ఇక్కడి సైన్యంలో కొలువుకు చేరారు. అరబ్బు సైనికులున్న బ్యారక్స్ జనం నోట్లో పడి 'బార్కస్' అయింది. మూసీకి ఆవలివైపు ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ ఉన్న బస్తీ 'ఏసీ గార్డ్స్' అయింది. వాళ్ల వెంట వచ్చిన వాయిద్యమే మర్ఫా. చిన్న చిన్న డోళ్లు, డఫ్, లోహపు బిందె మీద కర్రలతో కొట్టే దెబ్బ, అన్నీ కలిసి మోగుతుంటే కాళ్లు ఆగుతాయా చెప్పండి!

తీన్‌మార్ అని మనందరం అంటుంటామే, ఆ మాటలోనే దాని లెక్క ఉంది. తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. ముస్లింల బరాత్‌లో మోగిన ఈ దరువు మన పెళ్లిళ్లలోకి, బోనాల్లోకి, వినాయక నిమజ్జనంలోకి ఎప్పుడో వచ్చేసింది. ఇది ఫలానావారిదని ఇప్పుడెవరూ గీత గీయలేరు.

ఆడవాళ్లకు కూడా ఇక్కడ సొంత సంగీతం ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది. పాతబస్తీ ముస్లిం ఇళ్లల్లో మాంజా, మెహందీ వేడుకలప్పుడు ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని ఢోలక్ వాయిస్తూ పాడే దక్కనీ పాటలను 'ఢోలక్ కే గీత్' అంటారు. అత్తగారినీ ఆడపడుచునూ వియ్యాలవారినీ ఆటపట్టించడమే ఆ పాటల పని! మన పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఎగతాళి చేస్తూ పాడే పాటల్లాంటివేనన్నమాట. అంటే దరువు, పాట, ఆట మన ఇళ్లల్లో మొదటినుంచీ ఆడవాళ్ల చేతుల్లోనూ ఉన్నాయి. డీజే పెట్టెలు వచ్చాకే మనం బాల్కనీలోకి జరిగిపోయాం!

ఇంతకీ ఆ అబ్బాయి చేసేదేమిటి?

"పాటలు పెట్టడమేగా, అది మా బాబూ పెడతాడు ఫోన్లో!" అంటారా? ఒక్కసారి దగ్గరగా వెళ్లి ఆ కుర్రాడి చేతులు చూడండి.

అతని ముందు బల్లమీద రెండు పక్కలా రెండు గుండ్రటి చక్రాలు, మధ్యలో బోలెడన్ని మీటలు ఉంటాయి. మనకు ఒక పాట వినిపిస్తుంటుంది. అతను మాత్రం హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకుని తరవాతి పాట వింటుంటాడు. మనం ఒక పొయ్యిమీద పులుసు మరుగుతుండగానే రెండో పొయ్యిమీద పోపుకు నూనె కాగబెట్టుకోమూ? అలాగే! రెండో పాట నడకను మొదటి పాట నడకతో సమానం చేసి, దరువుమీద దరువు సరిగ్గా పడేటట్టు కలుపుతాడు. కలయిక కుదిరితే పాట మారిన సంగతే మీ కాళ్లకు తెలియదు. కుదరకపోతే ఆడేవాళ్లంతా ఒక్క క్షణం తడబడి ఆగిపోతారు. అతని పనితనం అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో కిటుకు కూడా ఉంది. మంచి ఊపులో ఉండగా కింది శబ్దాన్ని, అదే బేస్‌ను, అతను ఉన్నట్టుండి తీసేస్తాడు. సన్నగా గొంతో, చప్పట్లో మిగులుతాయి. అందరూ చేతులు పైకెత్తి ఎదురుచూస్తారు. అప్పుడు ధన్‌మని దరువు మళ్లీ వదులుతాడు. ఆ కేక విన్నారూ! అది పెద్ద శబ్దానికి వచ్చిన కేక కాదండీ, ఎదురుచూపు తీరినందుకు వచ్చిన కేక. శబ్దం సగానికి తగ్గించినా ఆ ఎదురుచూపు అలాగే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

డీజే వేరు, లైవ్ వేరు. డీజే రికార్డయిన పాటలను కలుపుతాడు. లైవ్ అంటే అక్కడికక్కడ వాయించడం. మన వీధుల్లో ప్యాడ్ బ్యాండ్ చూసే ఉంటారు. ఒకరు కీబోర్డు వాయిస్తారు, ఇంకొకరు ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ను పుల్లలతో కొడతారు. ఒక గడి కొడితే డప్పు, పక్క గడి కొడితే తాషా, ఇంకో గడికి చప్పట్లు! శబ్దం యంత్రంలోదే, తాళం మాత్రం మనిషిది. ఆడేవాళ్ల అలుపు చూసి అతను వేగం తగ్గించగలడు, ఊపు చూసి పెంచగలడు.

చెల్లెలి కొత్త బట్టల కోసం

ఈ రెండు చక్రాల విద్య ఎలా పెరిగిందో తెలిస్తే మీకు ముచ్చటేస్తుంది. 1973 ఆగస్టు 11న అమెరికాలోని న్యూయార్క్‌లో, బ్రాంక్స్ అనే పేదల పేటలో, సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక వేడుక పెట్టింది. ఎందుకనుకున్నారు? బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి! తాము అద్దెకుండే భవనంలోనే కింది గది తీసుకుని, ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టిక్కెట్టు పెట్టింది. పాటలు వెయ్యమని అన్నయ్యను కూర్చోబెట్టింది. జమైకాలో పుట్టిన ఆ అన్నయ్యే కూల్ హెర్క్ పేరుతో ప్రసిద్ధుడయ్యాడు.

పాటలో గొంతు ఆగి ఉత్త దరువు వినిపించే చోట జనం ఎక్కువగా ఆడుతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలను రెండు చక్రాలమీద పెట్టి, ఆ దరువు ముక్కనే మార్చి మార్చి వేస్తూ సాగదీశాడు. హిప్ హాప్ సంగీతం ఆ రోజే పుట్టిందని చెప్పుకుంటారు. ఇవాళ లాల్ దర్వాజా సందులో జానపదం పాటకు తీన్‌మార్ దరువు కలిపి సాగదీసే కుర్రాడు చేస్తున్నదీ ఆ పనే. దాని మొదట్లో ఒక ఆడపిల్ల పూనిక ఉందని మన పిల్లలకు చెప్పండి!

ఎంత మోత? ఎంతసేపు?

ఇక అసలు విషయానికి వద్దాం. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకుంటే 60 దగ్గర ఉంటుంది. మిక్సీ తిరుగుతుంటే దాని పక్కన 80, 90 మధ్య ఉంటుంది. డీజే పెట్టెల ముందు 100 దాటడం మామూలే.

"60కీ 100కీ ఎంత తేడాలే" అనుకోకండి. ఈ లెక్క మన కిలోల లెక్కలాంటిది కాదు. 3 పెరిగితే చాలు, శబ్దపు శక్తి రెట్టింపవుతుంది. అందుకే చెవి ఓర్చుకోగల సమయం సగానికి సగం పడిపోతుంది. 85 దగ్గర 8 గంటలు, 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర గంట, 97 దగ్గర అరగంట, 100 దగ్గర పావుగంట. బరాత్ ఎంతసేపు నడుస్తుందో మీకు తెలుసు కదా!

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంటుంది. అందులో సన్నని వెంట్రుకలున్న కణాలు శబ్దాన్ని పట్టి మెదడుకు అందిస్తాయి. అవి దెబ్బతిని చచ్చిపోతే మళ్లీ పుట్టవు. జుట్టు రాలితే మొలుస్తుందేమో గానీ, ఇవి మొలవవు సుమా! వేడుక నుంచి వచ్చాక చెవిలో గుయ్యిమని మోగినా, దూది పెట్టినట్టు మందంగా ఉన్నా అది చెవి చేసే హెచ్చరిక. మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఆరుబయట దూరం రెట్టింపైతే మోత 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. పాతబస్తీ సందులు ఇరుకు. శబ్దం ఈ గోడకూ ఆ గోడకూ కొట్టుకుని అంత త్వరగా తగ్గదు. బేస్ అయితే గోడలు దాటి వచ్చి వంటింటి అలమరలో గిన్నెలను కూడా మోగిస్తుంది. తలుపులు వేసుకున్నంత మాత్రాన మేడమీది మామగారికి నిద్ర రాదన్నమాట!

చట్టం ఏమంటోంది?

మన దేశంలో శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం ఇళ్లుండే ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. నిశ్శబ్ద ప్రాంతాలుగా ప్రకటించిన ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర అయితే పగలు 50, రాత్రి 40. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు మోగించరాదు. పండగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు.

హైదరాబాద్‌లో ఇంకో మలుపు కూడా వచ్చింది. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, టపాసులను నిషేధిస్తూ 2024 అక్టోబరులో నగర పోలీసులు ఉత్తర్వులిచ్చారు. కాబట్టి మీ బస్తీ వేడుకకు చందాలు పోగుచేసే ముందే పోలీస్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోవడం మంచిది. తలమీద బోనం, బోనం మీద దీపంతో నడిచే ఆడపడుచులకు వెనక పెట్టెల లారీ ఉండి తీరాలా? డప్పులు, మర్ఫా పిలుచుకుంటే నడకకు నడకా కుదురుతుంది, నాలుగు కుటుంబాలకు కూడూ దొరుకుతుంది.

ఇంట్లో పెళ్లికి డీజే మాట్లాడుతున్నారా?

* "పెట్టెలెన్ని?" అని కాదు, "వాయించేదెవరు?" అని అడగండి. అతను చేసిన వేడుక వీడియో ఒకటి చూడండి. పాట మారేచోట జనం ఆగారా, ఆడారా గమనించండి.

* పాటల జాబితా రెండు రోజుల ముందే ఇవ్వండి. అమ్మమ్మలకు నాలుగు పాత పాటలు, పిల్లలకు వాళ్లవి. పిల్లల ముందు వినలేని పాటలుంటే "ఇవి వద్దు" అని ముందే చెప్పండి.

* మొదలుపెట్టే వేళ, ఆపే వేళ, ఎంత మోత అన్నది కాగితంమీద రాయించుకోండి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఉంటే ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

* పెద్దవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు కూర్చునే చోటు పెట్టెలకు ఎదురుగా కాక దూరంగా, పక్కగా ఉండాలి.

* కరెంటు ఇంటి వైరు నుంచి లాగనివ్వకండి. జనరేటరు మాట్లాడుకోండి. నడిచే దారిలో వైర్లమీద చాపో, పట్టీనో కప్పించండి. చీర కుచ్చిళ్లు తట్టుకుని పడేది మనమే!

* మెత్తటి ఇయర్ ప్లగ్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి. సన్నగా నలిపి చెవిలో పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. పాట వినపడుతుంది, దెబ్బ తగ్గుతుంది. దూది వల్ల ఉపయోగం అంతంతమాత్రమే. పసిపిల్లలకు మాత్రం దూరమే మందు.

* వీధిలో మర్ఫా, ఫంక్షన్ హాలులో డీజే పెట్టుకుంటే పెద్దలకూ పిల్లలకూ ఇద్దరికీ తృప్తి. బస్తీకి నిద్రా మిగులుతుంది.

మీరూ దిగండి!

ఇన్ని జాగ్రత్తలు చెప్పింది డీజేను చూసి భయపడమని కాదు. హాయిగా వినమనే! పెట్టెలకు ఎదురుగా కాకుండా పక్కకు, పది పదిహేను అడుగులు వెనక్కు నిలబడండి. ముందు కాళ్లతో వినండి. మూడు దెబ్బలు ఎక్కడ పడుతున్నాయో పట్టుకోండి. దరువు తీసేసి మళ్లీ వదిలే క్షణం కోసం చూడండి. ఆపైన తోడికోడలినో, ఆడపడుచునో చెయ్యి పట్టుకుని లాగండి. అరగంటకోసారి పక్కకు వచ్చి మంచినీళ్లు తాగండి, చెవులకు విశ్రాంతినివ్వండి.

మోత ఎక్కువైతే ముఖం ముడుచుకుని లోపలికి వెళ్లిపోకండి. నేరుగా ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి, "తమ్ముడూ, బేస్ కొంచెం తగ్గించు. అమ్మమ్మ కూడా ఆడతానంటోంది!" అనండి. పనితనం ఉన్నవాడు తగ్గించినా ఆడించగలడు. తగ్గిస్తే ఆడించలేనన్నాడంటే, వచ్చేసారి ఇంకొకరిని పిలవాలని మీకే తెలిసిపోతుంది.

డబ్బిచ్చేది మనం, వేడుక మనది, చెవులూ మనవే. ఆ మీట ఎంతవరకు తిప్పాలో చెప్పే హక్కు ఇంటి ఇల్లాలికి లేకపోతే ఇంకెవరికుంటుంది, ఏమంటారు?