తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

యంత్రం సజావుగా నడుస్తున్నంతసేపూ దాని కడుపులో చెయ్యి పెట్టే అవసరం పెద్దగా రాదు. జిన్నింగ్ మిల్లులో పత్తి ఇరుక్కున్నప్పుడో, రైసుమిల్లులో బెల్టు జారినప్పుడో, కన్వేయర్ రోలరుకు పట్టిన మడ్డి గీకాల్సి వచ్చినప్పుడో చెయ్యి లోపలికి వెళ్తుంది. రక్షణగా బిగించిన గార్డును అప్పుడే విప్పుతారు. వేళ్లు నలిగాక వినిపించే మొదటి మాట ‘అజాగ్రత్త’. ఆ మాటతోనే నాకు పేచీ. ఫిట్టర్ ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసినా స్విచ్చు అతని చేతిలో లేదు. షెడ్డు అవతలి కొసన బోర్డు దగ్గరున్న మనిషికి ఇక్కడ లోపల చెయ్యి ఉందని తెలియదు. కొన్ని మోటార్లయితే పోయిన కరెంటు రాగానే వాటంతటవే తిరుగుతాయి.

దీన్ని ఆపగలిగేది తాళం. మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, చెవిని రిపేరు చేసే మనిషే జేబులో వేసుకోవాలి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు. ఆఖరి తాళం తీసేదాకా కరెంటు ఇవ్వడం కుదరదు. అమెరికా 1989లో దీన్ని నిబంధన చేసింది. 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ కూడా, పొరపాటున ఆన్ అయ్యే వీలున్న స్విచ్చుకు తాళం ఏర్పాటు ఉండాలంది. అయితే కరెంటు తీసినంత మాత్రాన యంత్రంలోని బలమంతా పోదు. ఫ్లైవీలు ఇంకా తిరుగుతుంటుంది, సిలిండరులో గాలి ఒత్తిడి ఉంటుంది, పైన ఆగిన ప్రెస్సు ర్యామ్ ఏ క్షణమైనా దిగొచ్చు. చక్రం ఆగేదాకా ఉండి, గాలి వదిలి, ర్యామ్ కింద దిమ్మె ఆనించి, స్టార్ట్ బటన్ నొక్కి చూశాకే చెయ్యి పెట్టాలి.

గ్లవ్స్ చాలవా అంటారు. తిరిగే షాఫ్టు దగ్గర గ్లవ్సే చేతిని లోపలికి లాగుతాయి. కొన్ని సర్దుబాట్లు యంత్రం నడుస్తుండగానే చేయాలన్నది నిజమే. వాటికి బటన్ వదలగానే ఆగిపోయే నెమ్మది వేగం పెట్టొచ్చు. శుభ్రం చేయడానికి మాత్రం ఆ సాకు చెల్లదు. ఇక ఉత్పత్తి ఆగుతుందన్న అభ్యంతరం. ఇది బలమైనదే, ఎందుకంటే తొందరపెట్టేది ఫిట్టర్ కాదు, పైవాళ్లు. కానీ నష్టం లెక్కలో వేళ్లను చేర్చరు. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలు ప్రకారం బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం పోయినట్టు లెక్క. రెంచి పట్టి బతికేవాడికి ఆ వేలు 14 శాతమేనా? పైగా రక్షణ పరికరాన్ని కావాలనే తీసేశాడని యజమాని రుజువు చేస్తే చాలా గాయాలకు ఆ కాస్త పరిహారమూ దక్కదు. గార్డు విప్పకుండా రిపేరు ఎలా చేయాలో, తాళం ఇవ్వని యజమానే చెప్పాలి.